పవర్ ట్రాన్సిస్టర్‌ని హీట్‌సింక్‌కి బిగించడం: ఇన్సులేషన్, కూలింగ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

యాంప్లిఫయర్ కట్టేవాళ్ళు, ఇన్వర్టర్లు రిపేర్ చేసేవాళ్ళు, ప్రాజెక్టు కోసం పవర్ సప్లై చేసుకునే పాలిటెక్నిక్, బీటెక్ పిల్లలు, అందరూ వచ్చి ఆగిపోయేది ఇక్కడే. సర్క్యూట్ కరెక్టే, బోర్డు కరెక్టే, అయినా పది నిమిషాలు నడిచి ట్రాన్సిస్టర్ పోతుంది, లేదంటే స్విచ్ వేయగానే ఫ్యూజ్ ఎగిరిపోతుంది. చూస్తే తప్పు ఎక్కువసార్లు ట్రాన్సిస్టర్‌లో ఉండదు, దానికీ, దాని వేడిని గాల్లోకి వదిలే అల్యూమినియం హీట్‌సింక్‌కీ మధ్య ఉన్న ఆ పల్చటి పొరలో ఉంటుంది. అవే డౌట్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి వెళ్ళిపోండి.

## కొనే ముందు

డేటాషీట్‌లో 115 వాట్లు అని ఉంది, నా సర్క్యూట్‌లో 18 వాట్లే, మరి హీట్‌సింక్ ఎందుకు?

2ఎన్3055 డేటాషీట్‌లో ఆ 115 వాట్లు అనేది ట్రాన్సిస్టర్ డబ్బా 25 డిగ్రీల దగ్గరే ఉంటే ఇచ్చే లెక్క. పని చేస్తున్న ట్రాన్సిస్టర్ డబ్బాని 25 డిగ్రీల్లో ఉంచడం మన ఇళ్ళల్లో ఎవరివల్లా కాదు. డబ్బా 25 దాటి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ 0.657 వాట్లు తగ్గించుకుంటూ పోవాలి, అంటే డబ్బా 100 డిగ్రీలకి వస్తే మిగిలేది 65 వాట్లు చిల్లరే. హీట్‌సింక్ అసలు లేకుండా గాల్లో వదిలేస్తే మూడు నాలుగు వాట్లకే వేలు పెట్టలేనంత వేడెక్కుతుంది. కాబట్టి డేటాషీట్ మొదటి పేజీలో పెద్దక్షరాల్లో ఉన్న వాట్లు చూసి ధైర్యపడొద్దు, లోపల ఉండే డీరేటింగ్ గ్రాఫ్, అంటే వేడి పెరిగేకొద్దీ వాట్లు ఎంత తగ్గించాలో చూపేది, చూడండి.

ఎంత సైజు హీట్‌సింక్ కావాలో లెక్క ఎలా వేయాలి?

లెక్క చాలా సులువు, భయపడక్కర్లేదు. ముందు వేడి ఎన్ని వాట్లో చూడాలి. లీనియర్ పవర్ సప్లై అయితే ట్రాన్సిస్టర్ మీద పడే వోల్టేజ్‌ని కరెంట్‌తో గుణిస్తే చాలు. ఇన్‌పుట్ 18 వోల్టులు, అవుట్‌పుట్ 12 వోల్టులు, లోడ్ 3 ఆంపియర్లు అనుకోండి, 6 ఇంటూ 3, 18 వాట్లు.

ఆ వేడి బయటికి రావాలంటే మూడు అడ్డంకులు దాటాలి: చిప్ నుంచి డబ్బాకి, డబ్బా నుంచి హీట్‌సింక్‌కి, హీట్‌సింక్ నుంచి గాలికి. ఒక్కో అడ్డంకికి వాట్‌కి ఇన్ని డిగ్రీలు అని ఒక నంబర్ ఉంటుంది, అదే థర్మల్ రెసిస్టెన్స్. మూడూ కలిపి, వాట్లతో గుణించి, గది టెంపరేచర్ కలిపితే లోపల చిప్ ఎంత వేడిలో ఉందో వచ్చేస్తుంది.

2ఎన్3055కి చిప్ నుంచి డబ్బాకి 1.52. దాని మెటల్ డబ్బా టైపుని టీఓ-3 అంటారు, దాని కింద మైకా (కరెంట్ పోనివ్వని పల్చటి అభ్రకం ముక్క) పెట్టి వేడిని పంపే పేస్ట్ రాస్తే సుమారు 0.4. హీట్‌సింక్ 2 అనుకుందాం. మొత్తం 3.92, 18 వాట్లతో గుణిస్తే 70 డిగ్రీలు. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెలలో గది 45 ఉందనుకోండి, చిప్ 115 దగ్గర ఉంటుంది. దాని లిమిట్ 200, హాయిగా నడుస్తుంది.

ఇప్పుడు అదే హీట్‌సింక్ మీద అదే 18 వాట్లు, కానీ టీఓ-220లో, అంటే వెనక మెటల్ రేకు (ట్యాబ్) ఉన్న చిన్న ప్లాస్టిక్ బాడీలో వచ్చే టిప్41సీ పెట్టారనుకోండి. చిప్ నుంచి ట్యాబ్‌కి 1.92, మైకా, పేస్ట్ కలిపి సుమారు 1.6 (ట్యాబ్ చిన్నది కదా, అందుకే ఎక్కువ), హీట్‌సింక్ 2. మొత్తం 5.52, అంటే 99 డిగ్రీలు, గదితో కలిపితే 144. దీని లిమిట్ 150 మాత్రమే. పైగా క్యాబినెట్ మూత పెడితే లోపలి గాలి 55కి పోతుంది, 154, అయిపోయింది. పేస్ట్ రాయడం మర్చిపోయి ఉత్త మైకా పెడితే ఆ 1.6 కాస్తా 3.4 దాకా పోతుంది, బయట బల్ల మీద పెట్టినా చిప్ 177కి చేరుతుంది. సర్క్యూట్‌లో ఒక్క పార్టు కూడా మారలేదు గమనించండి.

లెక్క వేసేటప్పుడు గది 25 డిగ్రీలు అని మాత్రం రాయకండి, అది చలి దేశాల పుస్తకాల్లో నంబర్. మనకి 45, క్యాబినెట్ లోపల అయితే 55.

హీట్‌సింక్ మీద థర్మల్ రెసిస్టెన్స్ రాసి ఉండదు కదా, షాపులో ఎలా తెలుసుకోవాలి?

కోఠి గుజరాతీ గల్లీలో అయినా ఇంకెక్కడ అయినా హీట్‌సింక్‌ని చూసి, చేత్తో బరువు చూసి కొనడమే, డేటాషీట్ ఎవరూ ఇవ్వరు. ఒక గుర్తు పెట్టుకోండి, 10 సెంటీమీటర్లు ఇంటూ 10 సెంటీమీటర్లు ఉన్న 3 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్‌ని నిలువుగా రెండు వైపులా గాలి తగిలేలా పెడితే సుమారు వాట్‌కి 5 డిగ్రీలు. దానికి ఎన్ని రెట్లు ఉపరితలం ఉందో ఫిన్లు (హీట్‌సింక్ మీద ఉండే రెక్కలు) లెక్కపెట్టి అంచనా వేయండి, కానీ ఫిన్లు మరీ దగ్గర దగ్గరగా ఉంటే ఫ్యాన్ లేకుండా వాటి మధ్య గాలి కదలదు, ఆ ఉపరితలం మొత్తం లెక్కలోకి రాదు. ఫ్యాన్ లేని సెట్‌కి ఫిన్ల మధ్య వేలు దూరేంత ఖాళీ ఉన్నవే చూసుకోండి.

ఇంటికొచ్చాక టెస్ట్ చేయడం కూడా ఈజీనే. ట్రాన్సిస్టర్ బిగించి తెలిసిన వాట్లు, అంటే ఒక 10 వాట్లు పడేలా చేసి అరగంట వదిలేయండి. హీట్‌సింక్ గదికన్నా ఎన్ని డిగ్రీలు పెరిగిందో దాన్ని 10తో భాగిస్తే మీ హీట్‌సింక్ నంబర్ వచ్చేసినట్టే.

మైకా కొనాలా, సిలికాన్ ప్యాడ్ కొనాలా, సెరామిక్ కొనాలా?

నన్నడిగితే మైకానే. మైకా అంటే మన అభ్రకమే, గూడూరు, సైదాపురం వైపు గనుల్లో తవ్వేదే, చిన్నప్పుడు కాకి బంగారం అని ఏరుకున్నదే. దాన్ని 0.05 నుంచి 0.1 మిల్లీమీటర్ల మందంలో చీల్చి అమ్ముతారు. అంత పల్చగా ఉండి కూడా వేల వోల్టులు ఆపుతుంది, వేడికి ఏమీ అవదు, రేటు కూడా తక్కువే. కాకపోతే మైకాకి రెండు వైపులా పేస్ట్ తప్పనిసరి, ఇంకా అది పెళుసు. వాడేముందు ఒక్కో ముక్కని ట్యూబ్‌లైట్‌కి ఎదురుగా పెట్టి చూడండి, పగులు ఉంటే సన్నటి వెండి గీతలా మెరుస్తుంది, పొరలు విడిపోతుంటే అంచు దగ్గర ఇంద్రధనుస్సు రంగులు కనపడతాయి. అలాంటివి పక్కన పడేయండి.

సిలికాన్ ప్యాడ్, అదే గ్రే కలర్‌లోనో గులాబీ కలర్‌లోనో రబ్బర్‌లా ఉండేది, పేస్ట్ గోల లేకుండా శుభ్రంగా ఉంటుంది, ఫ్యాక్టరీల వాళ్ళకి అదే కావాలి. అందులో మంచివి ఉన్నాయి, కానీ మామూలు షాపుల్లో దొరికే చవక ప్యాడ్లు మైకా పేస్ట్ కాంబినేషన్‌కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ వేడిని ఆపేస్తాయి. ఐదారు వాట్ల రెగ్యులేటర్‌కి పర్లేదు, పెద్ద యాంప్లిఫయర్‌కి వద్దు.

తెల్లగా ఉండే అల్యూమినా సెరామిక్ అయితే మైకాకన్నా ఎన్నో రెట్లు బాగా వేడిని పంపిస్తుంది, మందంగా ఉంటుంది కాబట్టి స్విచింగ్ సర్క్యూట్లకి కూడా మంచిది. కానీ హీట్‌సింక్ సమానంగా లేకపోయినా, స్క్రూ ఒక పక్కకి లాగినా టక్కున విరుగుతుంది. దీనికి కూడా రెండు వైపులా పేస్ట్ కావాలి.

బంగారు రంగు క్యాప్టన్ టేపు అంటించేస్తే సరిపోదా అని కూడా అడుగుతుంటారు. ఇన్సులేషన్ బాగానే ఉంటుంది కానీ మామూలు క్యాప్టన్ వేడిని పంపడంలో మైకాకన్నా చాలా వెనక, దాని మీద జిగురు ఇంకో అడ్డంకి. తక్కువ వాట్లకి అత్యవసరంలో ఓకే.

మొత్తం ప్లాస్టిక్ బాడీ ఉన్న ట్రాన్సిస్టర్ తీసుకుంటే ఈ గొడవంతా ఉండదు కదా?

ఉండదు, ఫుల్‌ప్యాక్ అనే ఆ టైపుకి వెనక కూడా ప్లాస్టిక్కే, మైకా, బుష్ (స్క్రూ ట్యాబ్‌ని తాకకుండా పెట్టే చిన్న ప్లాస్టిక్ గొట్టం) ఏమీ అక్కర్లేదు, పేస్ట్ రాసి బిగించేయడమే. కానీ ఆ ప్లాస్టిక్ కూడా వేడికి అడ్డమే కాబట్టి అదే చిప్‌కి వాట్లు బాగా తగ్గించి ఇస్తారు. రెండు డేటాషీట్లు పక్కపక్కన పెట్టి చిప్ నుంచి డబ్బాకి ఉన్న నంబర్ పోల్చుకోండి. చిన్న ఎస్ఎంపీఎస్‌లకి (స్విచింగ్ పవర్ సప్లైలకి) చాలా మంచి ఛాయిస్.

నల్ల హీట్‌సింక్ మంచిదా, తెల్లది మంచిదా?

ఫ్యాన్ లేకపోతే నల్లది మంచిది. మెరిసే అల్యూమినియం వేడిని రేడియేషన్‌గా దాదాపు వదలదు, అనోడైజ్ చేసింది, అంటే పైన ఆక్సైడ్ పొర ఎక్కించింది, బాగా వదులుతుంది, ఫ్యాన్ లేని సెట్లో ఆ తేడా తెలుస్తుంది. ఫ్యాన్ ఉంటే రంగుతో పని లేదు. ఇంట్లో మందంగా నల్ల పెయింట్ కొట్టడం మాత్రం వద్దు, ముఖ్యంగా ట్రాన్సిస్టర్ కూర్చునే చోట.

5200, 1943 జత ఒక షాపులో సగం రేటుకే ఇస్తున్నారు, తీసుకోవచ్చా?

యాంప్లిఫయర్ అవుట్‌పుట్‌లో జతగా వాడే 2ఎస్‌సీ5200, 2ఎస్ఏ1943 ట్రాన్సిస్టర్లకి నకిలీలు చాలా ఎక్కువ. పైన ప్రింట్ అంతా అచ్చం అలాగే ఉంటుంది, లోపల చిప్ మాత్రం చిన్నది వేసి ఉంటుంది. చిన్న చిప్ అంటే వేడి ట్యాబ్‌కి దిగడానికి దారి ఇరుకు, అప్పుడు మీరు ఎంత పెద్ద హీట్‌సింక్ పెట్టినా చిప్ లోపలే ఉడికిపోతుంది. డజను కొనేటప్పుడు ముందు రెండు తీసుకుని ఒకదాన్ని వైస్‌లో పెట్టి పగలగొట్టి చూడండి, చిప్ కందిబద్దంత కూడా లేకపోతే ఆ షాపు వదిలేయండి. ఒక్క ట్రాన్సిస్టర్ పోయినా పర్లేదు, తర్వాత స్పీకర్ కాలిపోవడంకన్నా అది చవక.

## బిగించే ముందు

ఏ ట్రాన్సిస్టర్‌కి మైకా పెట్టాలి, ఏదానికి అక్కర్లేదు?

వెనక ఉన్న మెటల్ లోపల దేనికి కనెక్ట్ అయి ఉందో చూడాలి. మామూలు పవర్ ట్రాన్సిస్టర్‌లో అది కలెక్టర్, మాస్ఫెట్‌లో డ్రెయిన్. రెగ్యులేటర్లలో ఒక్కోదానికి ఒక్కోటి: 7805, 7812 లాంటివాటికి ట్యాబ్ గ్రౌండ్, 7905కి ట్యాబ్ ఇన్‌పుట్, ఎల్ఎం317కి ట్యాబ్ అవుట్‌పుట్. ఇది గుర్తుంచుకోకపోతే చాలా నష్టం, 7805 పక్కన 7905ని అదే హీట్‌సింక్‌కి మైకా లేకుండా బిగించేస్తారు, నెగటివ్ సప్లై గ్రౌండ్‌కి షార్ట్.

ఆ మెటల్‌కి ఉన్న వోల్టేజ్, హీట్‌సింక్‌కి ఉన్న వోల్టేజ్ ఒకటే అయితే మైకా అక్కర్లేదు, నేరుగా పేస్ట్‌తో బిగిస్తే ఇంకా చల్లగా ఉంటుంది. గ్రౌండ్ ట్యాబ్ ఉన్న 7812ని గ్రౌండ్ అయిన క్యాబినెట్‌కి నేరుగా బిగించొచ్చు. యాంప్లిఫయర్‌లో 5200 కలెక్టర్ ప్లస్ 50కి, 1943 కలెక్టర్ మైనస్ 50కి పోతుందనుకోండి, రెండూ ఒకే హీట్‌సింక్ మీద ఉంటాయి కాబట్టి రెండింటికీ మైకా ఉండాల్సిందే. ఒక్కదానికి మర్చిపోయినా హీట్‌సింక్ లైవ్ అవుతుంది, రెండింటికీ మర్చిపోతే 100 వోల్టులు నేరుగా షార్ట్.

మా ఇంటి ఇన్వర్టర్‌లో మాస్ఫెట్లకి మైకా లేదు, రిపేర్ చేసినవాళ్ళు మర్చిపోయారా?

మర్చిపోలేదు, అది అలాగే ఉండాలి. 12 వోల్టుల పుష్ పుల్ ఇన్వర్టర్‌లో ఐఆర్ఎఫ్‌జెడ్44ఎన్ లేదా ఐఆర్ఎఫ్3205లు రెండు గ్రూపులుగా ఉంటాయి. ఒక గ్రూపులో ఉన్నవాటన్నిటి డ్రెయిన్లు ఎలాగూ ఒకదానికొకటి కలిసే ఉంటాయి కాబట్టి అవన్నీ ఒక హీట్‌సింక్‌కి నేరుగా బిగిస్తారు, రెండో గ్రూపు రెండో హీట్‌సింక్‌కి. ట్రాన్స్‌ఫార్మర్ వైరు కూడా చాలావాటిలో ఆ హీట్‌సింక్‌కే బోల్ట్ చేసి ఉంటుంది. మైకా లేదు కాబట్టి బాగా చల్లబడుతుంది, చాలా తెలివైన డిజైన్. కానీ ఆ రెండు హీట్‌సింక్‌లు ఒకదానికొకటి తగలకూడదు, బాడీకి తగలకూడదు. మధ్యలో ఒక స్క్రూ పడినా, స్క్రూడ్రైవర్ జారినా బ్యాటరీ వందల ఆంపియర్లు తోసేస్తుంది. విప్పే ముందు బ్యాటరీ వైరు తీసేయండి.

హీట్‌సింక్ మీద నల్ల కోటింగ్‌కి మీటర్ పెడితే కంటిన్యుటీ చూపించట్లేదు, మరి మైకా ఎందుకు?

అనోడైజింగ్ పొర ఇన్సులేటరే, నిజమే, కానీ అది కొన్ని మైక్రాన్ల మందమే. ట్యాబ్ అంచున చిన్న గరుకు ఉన్నా, ఒక ఇసుక రేణువు ఇరుక్కున్నా గీసుకుపోతుంది, స్క్రూ రంధ్రం లోపల అసలు కోటింగే ఉండదు. బల్ల మీద నెలలు పనిచేసి, ఒకసారి బస్సులో ఊరికి తీసుకెళ్తే షార్ట్ అయిపోతుంది. దాన్ని నమ్మొద్దు.

హీట్‌సింక్‌కి రంధ్రం ఇంట్లో వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు. రంధ్రం వేశాక అంచున పైకి లేచే ఆ చిన్న పదునైన గరుకు ఉంటుంది చూశారా, మైకాని చీల్చేది అదే. రంధ్రంకన్నా రెండింతలు పెద్ద డ్రిల్ బిట్‌ని చేత్తో పట్టుకుని రంధ్రం మీద రెండు మూడు తిప్పులు తిప్పండి, గరుకు పోయి అంచు కొంచెం లోపలికి వాలుతుంది. తర్వాత ఒక అద్దం ముక్క మీద సన్న ఎమరీ పేపర్ పరిచి హీట్‌సింక్‌ని దాని మీద రుద్దండి, ఎక్కడ మెరుస్తుందో అక్కడ ఎత్తు, మెరవని చోట పల్లం. ట్రాన్సిస్టర్ కూర్చునే జాగా మొత్తం ఒకేలా మెరిసేదాకా రుద్ది, అల్యూమినియం పొడి అంతా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి. చివర్లో వేలి కొనతో ఒకసారి నిమిరి చూడండి, కంటికి కనపడని గరుకు వేలికి తెలుస్తుంది.

## బిగించేటప్పుడు

పేస్ట్ ఎంత రాయాలి? ఎక్కువ రాస్తే ఎక్కువ చల్లగా ఉంటుందా?

ఉండదు, ఉల్టా అవుతుంది. పేస్ట్ మెటల్ అంత బాగా వేడిని పంపదు, గాలికన్నా మాత్రం చాలా నయం. రెండు మెటల్స్ మధ్య ఉండే చిన్న చిన్న సందుల్లో గాలిని తోసేసి అక్కడ కూర్చోవడమే దాని పని. కాబట్టి పెనం మీద దోసెకి ముందు నూనె రాసినట్టు, అంతే పల్చగా. మైకా అయితే మైకాకి రెండు వైపులా.

సరిపోయిందో లేదో తెలియాలంటే స్క్రూ బిగించి ఒక నిమిషం ఆగి విప్పి చూడండి. ట్యాబ్ వెనక మొత్తం ఒకేలా పల్చటి తెల్ల పొర కనిపించి అంచున సన్నగా బయటికి వచ్చి ఉంటే కరెక్ట్. మధ్యలో మెటల్ పొడిగా కనిపిస్తే తక్కువైంది లేదా ఉపరితలం వంకర ఉంది. ఒక పక్కనే ముద్దగా ఉంటే ట్యాబ్ ఆ పక్క లేచింది.

సిలికాన్ ప్యాడ్‌కి కూడా పేస్ట్ రాయాలా?

వద్దు. ప్యాడ్ మెత్తగా నొక్కుకుని సందులు అదే నింపుకుంటుంది.

పేస్ట్ దొరకలేదు, టూత్‌పేస్ట్ రాస్తే పనిచేస్తుందా?

మొదటి గంట పనిచేసినట్టే ఉంటుంది, అందులో నీళ్ళు ఉంటాయి కాబట్టి. ఆరిపోయాక సున్నంలా అయిపోయి గాలి సందులు మళ్ళీ వచ్చేస్తాయి, పైగా తడిగా ఉన్నంతసేపు కరెంట్ లీకేజీ, మెటల్ తినేయడం. వద్దు. జింక్ ఆక్సైడ్ ఉన్న మామూలు తెల్ల సిలికాన్ పేస్ట్ ఏ ఎలక్ట్రానిక్స్ షాపులో అయినా చిన్న డబ్బాలో దొరుకుతుంది, అదే చాలు, ఖరీదైన కంప్యూటర్ ప్రాసెసర్ పేస్ట్ అక్కర్లేదు. ఒకవేళ అది కొన్నా వెండి పొడి కలిపిన రకం మాత్రం మైకా అంచుల దగ్గర వాడకండి.

టీఓ-220కి బుష్ ఎటు వైపు పెట్టాలి?

బుష్ ట్యాబ్ రంధ్రంలో కూర్చోవాలి, దాని టోపీ భాగం స్క్రూ తల వైపు ఉండాలి, గొట్టం భాగం ట్యాబ్ గుండా దిగాలి. వరుస ఇది: స్క్రూ, వాషర్, బుష్, ట్యాబ్, మైకా, హీట్‌సింక్, కింద స్ప్రింగ్ వాషర్, నట్టు. అప్పుడు స్క్రూ హీట్‌సింక్‌ని తాకుతుంది కానీ ట్యాబ్‌ని తాకదు. గొట్టం మరీ పొడుగ్గా ఉంటే అది కింద ఆనుకుని ట్యాబ్ గాల్లో ఉండిపోతుంది, స్క్రూ టైట్‌గా ఉన్నట్టే ఉంటుంది, అలాంటప్పుడు బ్లేడుతో కొంచెం కోసేయండి. మైకా ట్యాబ్ చుట్టూ అన్ని వైపులా రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి కనిపించాలి. 5200 లాంటి పెద్ద ప్యాకేజీలకి రంధ్రం చుట్టూ ప్లాస్టిక్కే ఉంటుంది, వాటికి మైకా చాలు, బుష్ అక్కర్లేదు.

టీఓ-3, అదే పాత గుండు ట్రాన్సిస్టర్, ఎలా బిగించాలి?

దీనికి డబ్బా మొత్తం కలెక్టర్. రెండు స్క్రూలు డబ్బాని తాకే ఉంటాయి కాబట్టి ఈసారి బుష్‌లు హీట్‌సింక్ వైపు రంధ్రాల్లో ఉండాలి. కలెక్టర్ వైరు ఒక స్క్రూ కింద సోల్డర్ ట్యాగ్ పెట్టి దానికి కలుపుతారు. బేస్, ఎమిటర్ కాళ్ళు రంధ్రాల మధ్యలోంచి రావాలి, గోడకి ఆనకూడదు, ఒక్కో కాలుకి చిన్న స్లీవ్ తొడిగేయండి. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి తర్వాత రెండోది బిగించొద్దు, కొంచెం ఇటు కొంచెం అటు.

స్క్రూ ఎంత టైట్ చేయాలి?

టీఓ-220కి ఎం3 స్క్రూ అయితే 0.5 నుంచి 0.6 న్యూటన్ మీటర్, అంటే చిన్న స్క్రూడ్రైవర్‌ని మూడు వేళ్ళతో పట్టుకుని గట్టిగా తిప్పినంత. ఇంకా బిగిస్తే స్క్రూ ట్యాబ్ పైభాగంలో ఉంటుంది కాబట్టి ట్యాబ్ వంగి చిప్ ఉన్న కింది భాగం పైకి లేస్తుంది, ఎంత బలంగా తిప్పితే అంత వేడెక్కుతుంది. క్లిప్పు దొరికితే క్లిప్పే వాడండి, అది సరిగ్గా చిప్ నడినెత్తిన నొక్కుతుంది, బుష్ కూడా అక్కర్లేదు.

ముందు సోల్డర్ చేసి తర్వాత బిగించాలా, ముందు బిగించాలా?

ముందు బిగించండి, తర్వాత సోల్డర్. ముందే సోల్డర్ చేసేస్తే స్క్రూ లాగినప్పుడు కాళ్ళ మీద బరువు పడి కొన్ని నెలలకి సోల్డర్ పగులుతుంది, లేదా బాడీలో కాలు దగ్గర చిట్లుతుంది. కాళ్ళు వంచాలంటే బాడీ దగ్గర నోస్ ప్లయర్‌తో పట్టుకుని దాని అవతల వంచండి.

## కరెంట్ ఇచ్చే ముందు

ఇన్సులేషన్ సరిగ్గా ఉందో లేదో ఎలా చెక్ చేయాలి?

వైరింగ్ ఇవ్వకముందే చేయాలి, తర్వాత అయితే వేరే దారుల్లో మీటర్ తప్పు చూపిస్తుంది. మీటర్‌ని పెద్ద ఓమ్స్ రేంజ్‌లో పెట్టి ఒక ప్రోబ్ ట్యాబ్ మీద, ఇంకోటి హీట్‌సింక్ మీద పెట్టండి. హీట్‌సింక్ మీద కోటింగ్ గీరి అసలు మెటల్‌ని తాకించాలి, లేకపోతే కోటింగ్‌నే చెక్ చేసినట్టు అవుతుంది, చాలామంది ఇక్కడే మోసపోతారు. ఏమీ చూపించకూడదు. ప్రోబ్‌లు అలా పెట్టి ఉంచి ట్రాన్సిస్టర్‌ని అటూ ఇటూ వేలితో నొక్కండి, అప్పుడు రీడింగ్ గెంతితే ఎక్కడో గరుకు ఉన్నట్టే.

మీటర్‌లో బాగానే ఉంది, సప్లై ఇస్తే షార్ట్ అవుతోంది. ఎందుకు?

మీటర్ ఇచ్చేది కొద్ది వోల్టులే. మైకాలో వెంట్రుకంత పగులు ఉంటే ఆ కొద్ది వోల్టులు దాటలేవు, 300 వోల్టులు దాటేస్తాయి. మెయిన్స్ నుంచి నేరుగా నడిచే సర్క్యూట్‌లకి 500 వోల్టుల మెగ్గర్‌తో, అంటే ఎక్కువ వోల్టేజ్ ఇచ్చి ఇన్సులేషన్ చెక్ చేసే మీటర్‌తో చూడాలి. మూడు కాళ్ళూ ఒక వైరుతో కలిపి చుట్టేసి, ఆ వైరుకీ హీట్‌సింక్‌కీ మధ్య మెగ్గర్ పెట్టండి. కాళ్ళు కలపకుండా పెడితే, బోర్డులో ఉండగా పెడితే ట్రాన్సిస్టర్‌కే దెబ్బ.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సీరీస్ బల్బు అవసరమా?

తప్పకుండా. 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు మెయిన్స్ వైరుకి సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి. ఒకసారి వెలిగి మసకబడితే కెపాసిటర్లు చార్జ్ అయ్యాయి, బాగానే ఉంది. ఫుల్‌గా వెలుగుతూనే ఉంటే ఎక్కడో షార్ట్, కానీ బల్బు కరెంట్‌ని ఆపింది కాబట్టి ట్రాన్సిస్టర్లు బతికే ఉంటాయి. ఎల్ఈడీ బల్బుతో ఇది కుదరదు.

హీట్‌సింక్‌ని ఎర్త్ చేయాలా?

మనిషి చేయి తగిలే చోట ఉంటే చేయాలి, అడగక్కర్లేదు. మైకా ఎప్పుడైనా ఫెయిల్ అయితే ఫ్యూజ్ పోవాలి, మనిషికి షాక్ కొట్టకూడదు. స్విచింగ్ సర్క్యూట్‌లో ఇంకో విషయం ఉంది, ట్యాబ్‌కీ హీట్‌సింక్‌కీ మధ్య పల్చటి మైకా అంటే అదొక కెపాసిటర్ లాంటిదే, టీఓ-220కి వంద పీకో ఫారడ్‌లు పైనే ఉంటుంది, స్విచింగ్ నాయిస్ అంతా దాని గుండా ఎర్త్‌లోకి పోతుంది. అందుకే క్యాబినెట్ లోపల ఉండే ఎస్ఎంపీఎస్ హీట్‌సింక్‌ని చాలామంది డిజైనర్లు ఎర్త్‌కి కాకుండా ప్రైమరీ నెగటివ్‌కి కలుపుతారు. అలాంటి హీట్‌సింక్ లైవ్ అనుకునే మసలాలి.

## నడిచేటప్పుడు

హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నా, మామూలేనా?

చెయ్యి పెట్టి రెండు మూడు సెకన్లలో తీసేయాల్సి వస్తే సుమారు 60 డిగ్రీలు, మన ఎండాకాలంలో బరువుగా నడిచే యాంప్లిఫయర్‌కి అది మామూలే. నీటి చుక్క వేస్తే చిటపటమంటే 100 పైన, వెంటనే ఆపండి. పక్కనే ఉన్న ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లని కూడా చూడండి, వాటికి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం అవుతుంది, ట్రాన్సిస్టర్ తట్టుకున్నా అవి తట్టుకోవు. మెయిన్స్ నుంచి నేరుగా నడిచేవాటి మీద చెయ్యి అసలు పెట్టొద్దు, నీళ్ళు అసలే వద్దు.

ట్రాన్సిస్టర్ కాలిపోతోంది, హీట్‌సింక్ మాత్రం గోరువెచ్చగా ఉంది. హీట్‌సింక్ మంచిదే అన్నమాటా?

కాదు, వేడి హీట్‌సింక్‌లోకి దిగట్లేదు. మధ్యలో జాయింట్ బాలేదు: పేస్ట్ లేదు, ప్యాడ్ చవకది, ట్యాబ్ లేచింది, లేదా ప్యాడ్ మీద ప్లాస్టిక్ కవర్ తీయకుండా బిగించేశారు. రెండూ ఒకేలా కాలుతుంటే అప్పుడు జాయింట్ బాగుంది, హీట్‌సింక్ చిన్నది లేదా గాలి ఆడట్లేదు. పెద్ద హీట్‌సింక్ కొనే ముందు ఈ తేడా చూసుకోండి, చాలా డబ్బులు మిగులుతాయి.

ఐఆర్ థర్మామీటర్ గన్‌తో 38 చూపిస్తోంది, వేలు మాత్రం కాలుతోంది?

వేలే కరెక్ట్. మెరిసే అల్యూమినియం రేడియేషన్ వదలదు కాబట్టి గన్‌కి దాని వేడి కనపడదు, ఎదురుగా ఉన్న గోడ వేడి చూపిస్తుంది. హీట్‌సింక్ మీద నల్ల ఇన్సులేషన్ టేపు చిన్న ముక్క అంటించి ఒక నిమిషం తర్వాత ఆ టేపు మీద గన్ పెట్టండి.

హీట్‌సింక్ ఎటు తిప్పి పెట్టాలి, ఫ్యాన్ ఎటు ఊదాలి?

ఫ్యాన్ లేకపోతే ఫిన్లు నిలువుగా ఉండాలి, వేడిగాలి వాటి మధ్యలోంచి పైకి పోవాలి, క్యాబినెట్‌కి కింద ఒక జాలీ, పైన ఒక జాలీ. ఫ్యాన్ ఉంటే ఫిన్ల పొడుగునా గాలి పారేలా పెట్టండి. ఫ్యాన్‌తో హీట్‌సింక్ సామర్థ్యం మూడు నాలుగు రెట్లు పెరగడం మామూలే. పెళ్ళిళ్ళకి, ఊరేగింపులకి తిరిగే డీజే యాంప్లిఫయర్లలో దుమ్ము, గులాల్ ఫిన్ల మధ్య గట్టిగా పట్టేస్తుంది, సీజన్‌కి ఒకసారి విప్పి బ్లోయర్ కొట్టకపోతే ఫ్యాన్ తిరుగుతున్నా ఉపయోగం లేదు.

బీడీ139 చిన్న ట్రాన్సిస్టర్‌ని కూడా హీట్‌సింక్ మీదే పెట్టమంటున్నారు, అది వేడెక్కదు కదా?

అది తన వేడి కోసం కాదు, పెద్దవాటి వేడి తెలుసుకోవడం కోసం. అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే దాని బేస్ ఎమిటర్ వోల్టేజ్ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది, బయాస్ (ట్రాన్సిస్టర్‌ని కొద్దిగా ఆన్‌లో ఉంచే వోల్టేజ్) అలాగే ఉంటే కరెంట్ పెరుగుతుంది, కరెంట్ పెరిగితే ఇంకా వేడి, అలా పాట లేకుండానే కాలిపోతుంది. బీడీ139 అదే వేడిని చూసి బయాస్ తగ్గిస్తుంది. దాన్ని బోర్డు మీద వదిలేస్తే ఆ పని చేయలేదు. దాని వెనక మెటల్ కలెక్టర్ కాబట్టి కింద మైకా పెట్టాలి, పేస్ట్ రాయాలి, అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లకి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గరగా.

## రిపేర్‌కి విప్పినప్పుడు

పాత మైకా మళ్ళీ వాడొచ్చా?

పగులు, చిల్లు, మసి మచ్చ లేకపోతే శుభ్రంగా తుడిచి వాడొచ్చు, పేస్ట్ మాత్రం కొత్తది. సిలికాన్ ప్యాడ్ మాత్రం ఒకసారి నొక్కుకున్నాక మళ్ళీ వాడొద్దు. ట్రాన్సిస్టర్ పేలిపోయి ఉంటే మైకా బాగున్నట్టు కనపడినా మార్చేయండి.

ఇండక్షన్ స్టవ్ విప్పి హీట్‌సింక్ ముట్టుకుంటే షాక్ కొట్టింది, మైకా పోయిందా?

చాలా మోడల్స్‌లో ఐజీబీటీని (కాయిల్‌ని స్విచ్ చేసే పవర్ ట్రాన్సిస్టర్‌ని) మైకా లేకుండా నేరుగానే బిగిస్తారు, అంటే హీట్‌సింక్ మొత్తం కలెక్టరే, స్టవ్ ఆన్‌లో ఉంటే వందల వోల్టులు ఉంటాయి. 230 వోల్టులు రెక్టిఫై అయితేనే 325 డీసీ. దాని మీద ఆసిలోస్కోప్ గ్రౌండ్ క్లిప్పు కూడా పెట్టకూడదు, స్కోప్ పోతుంది. ప్లగ్ తీసి, కెపాసిటర్ డిశ్చార్జ్ అయ్యిందని మీటర్‌తో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి.

పాత రేడియో ట్రాన్స్‌మిటర్ నుంచి తీసిన ట్రాన్సిస్టర్ కింద తెల్ల సెరామిక్ ఉంది, అరగదీసి వాడుకోవచ్చా?

అరగదీయకండి, విరవకండి, డ్రిల్ చేయకండి. పాత ఆర్ఎఫ్ పవర్ ట్రాన్సిస్టర్లలో ఆ సెరామిక్ బెరీలియం ఆక్సైడ్ అయి ఉండొచ్చు. ముక్కగా ఉన్నంతసేపు ఏమీ చేయదు, పొడి పీలిస్తే ఊపిరితిత్తులకి నయంకాని జబ్బు తెస్తుంది. అల్యూమినానో ఇదో చూసి చెప్పడం కష్టం కాబట్టి అలాగే ఒక కవర్లో పెట్టేసి, కొత్త అల్యూమినా ముక్క కొనుక్కోండి.

పోయిన ట్రాన్సిస్టర్ మార్చాను, ఐదు నిమిషాల్లో కొత్తది కూడా పోయింది. ఏం చూడాలి?

మూడోది వేయకండి ముందు. పోయిన ట్రాన్సిస్టర్ విప్పి దాని వెనక పేస్ట్ అచ్చు చూడండి, చిప్ ఉన్న చోట పొర పల్చగా, మొత్తం తడిగా ఉందా, లేక ఎండిపోయి పొడిగా ఉందా. హీట్‌సింక్ మీద పాత పేస్ట్ గట్టి పడి అలాగే ఉండి దాని మీదే కొత్తది బిగించారా. డ్రైవర్ ట్రాన్సిస్టర్లు, ఎమిటర్ రెసిస్టర్లు మీటర్‌తో చూడండి, అవుట్‌పుట్ పోయినప్పుడు అవి కూడా పోవడం మామూలు. బయాస్ ప్రీసెట్‌ని కనీసానికి తిప్పి, సీరీస్ బల్బుతో, స్పీకర్ లేకుండా ఆన్ చేసి, అవుట్‌పుట్‌లో డీసీ ఎంత ఉందో చూడండి, కొన్ని పదుల మిల్లీవోల్టులకి మించకూడదు. అది సరిగ్గా ఉంటేనే బల్బు తీసి, బయాస్ నెమ్మదిగా పెంచి, అరగంట ఖాళీగా నడిపి హీట్‌సింక్ చూసి, అప్పుడు స్పీకర్ కలపండి.